మూడు కార్లు, ఒక క్రియాపదం

నందిగామలో ఈ మధ్య ఎవరైనా సెడాన్ కొంటానంటే ఎదుటివాళ్ళు ముందు జాలిగా చూస్తారు, ఆ తర్వాత ఉచితంగా ఒక సలహా పారేస్తారు. అందరూ కొనేవి ఎత్తు బండ్లు. డిక్కీ వెనక్కి పొడుచుకొచ్చే కారు కావాలన్నవాడికి బుద్ధన్నా మందగించి ఉండాలి, టాక్సీ తిప్పుకునే ఆలోచనన్నా ఉండాలి. బస్టాండు దగ్గర బోరు మోటార్ల షాపు నడిపే భవానీప్రసాద్ ఈ రెండు మాటలూ పడ్డాడు.

"ఎత్తు బండి తీసుకోవయ్యా ప్రసాదూ, పొలం గట్టు మీదకైనా పోద్ది" అని మోటారు రిపేరుకు వచ్చిన ప్రతి రైతూ చెప్పేవాడే.

నిజానికి ప్రసాద్ మనసులోనూ ఎత్తు బండే ఉంది. ఆ సంగతి ఇంట్లో కదపబోతే భార్య రాజ్యశ్రీ ఒక్కటే మాట అంది.

"కొంటే డిక్కీ కారే కొందామండీ. ఎత్తు బండైతే మన గేటు ముందు కూడా ఆపొద్దు."

రాజ్యశ్రీ జగ్గయ్యపేటలో బ్యాంకు ఉద్యోగి. రోజూ బస్సులో వెళ్ళి బస్సులో వస్తుంది. మెత్తటి మనిషే గానీ, ఒకటి అనుకుందంటే ఇక దాని మీద నుంచి జరగదు. ఎత్తు బండి మీద ఆమెకు అంత పగ పుట్టడానికి కారణం ఇంట్లోనే, వసారాలో పడక్కుర్చీ మీద కూర్చుని ఉంది. ఆమె అత్తగారు దుర్గాంబ.

దుర్గాంబ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. నందిగామలో నలుగురు పోగైతే అందులో ఒకరైనా ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్ళు ఉంటారు. గంజి పెట్టిన నేత చీర, ముక్కు మీదకు జారిన కళ్ళద్దాలు, అవతలి వీధిక్కూడా వినపడే గొంతు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి కానీ గొంతు మాత్రం అరగలేదు. చేతికర్ర పట్టుకుని, గోడ వారగా నడుస్తూ, తన పని తనే చేసుకుంటుంది. లేవడానికి ఎవరైనా చెయ్యి అందిస్తే ఆ చేతిని గొంగళిపురుగును చూసినట్టు చూస్తుంది.

రాజ్యశ్రీకి ఆవిడంటే ప్రాణం. ఇది మర్యాద కోసం అనే మాట కాదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, చదువు డిగ్రీతో ఆగిపోయిందని కోడలు ఒకసారి పైకి అనేసి నాలుక కరుచుకుంది. మర్నాడు పొద్దున్నే దుర్గాంబ ఆమెను వంటింట్లోంచి తరిమేసింది. "బ్యాంకు పరీక్ష నువ్వు రాయి, పప్పు నేను ఉడకేస్తా" అంది. స్కూలుకు వెళ్ళేముందు వండి, వచ్చాక మళ్ళీ వండి, కోడలి పుస్తకాల పక్కన కాఫీ గ్లాసు పెట్టి వెళ్ళేది. ఉద్యోగం వచ్చాక ఎవరైనా అత్తగారిని మెచ్చుకోబోతే, "రాసింది అది. నేను కాదు" అని కసిరేసేది. ఎవరి పని గొప్ప వాళ్ళదే అన్నది దుర్గాంబ లెక్క. అలాంటి మనిషిని రాజ్యశ్రీ అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ దుర్గాంబ ఏడాదిగా గేటు దాటడం లేదు.

కిందటేడు పరిటాలలో బంధువుల పెళ్ళికి ప్రసాద్ పిన్ని కొడుకు కిషోర్‌బాబు తన కొత్త ఎత్తు బండి తెచ్చాడు. మంచివాడే, కాకపోతే హడావిడి మనిషి. బండి మెట్టు దుర్గాంబ మోకాళ్ళకు అందని ఎత్తులో ఉంది. ఏ కాలు ముందు పెట్టాలా అని ఆవిడ కర్ర ఆనించి ఆలోచిస్తూ ఉండగానే, "పెద్దమ్మని ఎక్కించండి! అటు పట్టుకోండి!" అని కిషోర్‌బాబు కేక పెట్టాడు. చంకల కింద చేతులు వేసి ఇద్దరు, కాళ్ళ దగ్గర ఒకరు. పెళ్ళి మండపం దగ్గర మళ్ళీ, "నిదానంగా దించండి, నిదానం!" చుట్టూ చేరినవాళ్ళలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పిల్లలున్నారు. తిరుగు ప్రయాణంలో, "ఎక్కించారా?" "ఎక్కించేశాం!"

దుర్గాంబ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. ఇంటికొచ్చి చీర మార్చుకుంది. ఆ తర్వాత ఎవరు ఎక్కడికి పిలిచినా ఎండ అంది, ముసురు అంది, దుమ్ము పడదంది. చివరికి సాకులు వెతకడం కూడా మానేసి ఊరికే "రాను" అనడం మొదలుపెట్టింది.

అసలు కారణం రాజ్యశ్రీకి ఒకరోజు ఫోన్ మాటల్లో వినపడింది. అవతల మాట్లాడుతున్నది సౌభాగ్యమ్మ. అదే స్కూల్లో లెక్కల టీచరుగా చేసింది. ఇద్దరూ స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని జీవితం గడిపేసినవాళ్ళు. ఇప్పుడు సౌభాగ్యమ్మ జగ్గయ్యపేటలో, ముక్త్యాల రోడ్డులో కొడుకు ఎడ్విన్ దగ్గర ఉంటోంది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి నెలకోసారి బస్సెక్కి నందిగామ వచ్చేది.

"రావడానికేముందే సౌభాగ్యం, రావచ్చు" అంటోంది దుర్గాంబ ఫోన్లో. "ఎండుమిర్చి టిక్కీ బస్తాల్ని లారీకి ఎక్కిస్తారే, అలా ఎక్కిస్తారు. అక్కడ దించుతారు. నువ్వు సంతకం పెట్టి తీసుకో. ఎక్కడం వేరు, ఎక్కించడం వేరే. పిల్లలకి ఇన్నేళ్ళు ప్రేరణార్థకాలు చెప్పా గానీ, అదేంటో నాకు ఆ రోజే అర్థమయింది."

అవతల సౌభాగ్యమ్మ ఏం అందో రాజ్యశ్రీకి వినపడలేదు కానీ తర్వాత తెలిసింది. వరసగా తనే వస్తున్నానని, ఇక దుర్గ తన గుమ్మంలోకి వచ్చేదాకా తను నందిగామ గడప తొక్కనని ఆవిడ తెగేసి చెప్పింది. స్నేహితురాల్ని కదిలించడానికే అన్న మాట అది. ఆవిడ అన్నంత పనీ చేసింది. ఈవిడ కదల్లేదు. ఇద్దరూ ఇద్దరే. రానురాను ఫోన్లు కూడా పొట్టివైపోయాయి. దుర్గాంబ చీరకు గంజి పెట్టడం మానేసింది. పేపర్లో అచ్చుతప్పులు చూసి తిట్టడం మానేసింది. గొంతు వసారా దాటడం లేదు. రాజ్యశ్రీకి భయం వేసింది. మోకాళ్ళకు మందులున్నాయి, దీనికేముంది? ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఈ మనిషి ఇంట్లోనే ఉండి కూడా లేకుండా పోతుంది.

అందుకే కారు. ఎవరూ చెయ్యి వెయ్యకుండా అత్తయ్య తనంతట తను ఎక్కి, తనంతట తను దిగే కారు. మెట్టు ఎక్కాల్సిన ఎత్తు బండి పనికిరాదు. మరీ నేలబారు చిన్న కార్లూ పనికిరావు, వాటిలో కూర్చోవచ్చు గానీ లేవలేరు. మధ్యలో ఉండే సెడానే ఆమెకు మిగిలిన ఆశ. ఈ సంగతి భర్తకు చెప్పి, ఇంట్లో ఆ "ఎక్కించడం" అనే మాట ఎవరి నోటా రాకూడదని కట్టడి కూడా చేసింది. ప్రసాద్ ఒకట్రెండు సార్లు నోరు జారి చీవాట్లు తిన్నాడు.

కొత్తదానికి అంత స్తోమత లేదు కాబట్టి ఒకరు వాడింది కొందామనుకున్నారు. హైవే పక్కన నవీన్‌బాబు రేకుల షెడ్డులో పాత కార్లు అమ్ముతాడు. అతని దగ్గర సెడాన్లు మూడున్నాయి. తెల్లది, ఎర్రది, బూడిద రంగుది. కంపెనీల పేర్లు వాటికీ ఉన్నాయి గానీ, ఇంట్లో వాటిని రంగుల పేర్లతోనే పిలుచుకున్నారు.

భవానీప్రసాద్ వీడియోలు చూసి చూసి మూడింటి జాతకాలూ కంఠతా పట్టాడు. అన్నం తింటూ కూడా అదే గోల.

"ఎర్రదానికి పికప్ ఉంది చూడు, తొక్కితే విమానమే. బూడిదదానికి మైలేజీ ఉంది గానీ చూపు లేదు. తెల్లదానికి పైకప్పులో కిటికీ ఉంది తెలుసా?"

"నందిగామ ఎండకి పైకప్పు తెరుచుకుని కూర్చుంటే వడియాలవుతాం" అంది రాజ్యశ్రీ.

షెడ్డుకు వెళ్ళాక ఆమె చేసిన పని చూసి ప్రసాద్‌కు తల తీసేసినట్టయింది. బానెట్ ఎత్తమనలేదు, టైర్లు చూడలేదు. ముందు ఎడమవైపు తలుపు తీసి, కాళ్ళు కర్రల్లా బిగబట్టి, వెనక్కి కూలబడింది. చేతులు ఆనించకుండా లేచింది. మళ్ళీ కూలబడింది. మళ్ళీ లేచింది. ఒక కారు తర్వాత ఇంకో కారు.

"మేడం, ఇంజన్ చూస్తారాండీ?" అన్నాడు నవీన్‌బాబు బిక్కమొహం వేసి.

"ఇంజన్‌కేం, దానికి మోకాళ్ళు లేవు కదా" అంది రాజ్యశ్రీ రొప్పుతూ.

"జనం చూస్తున్నారే రాజ్యం" అన్నాడు ప్రసాద్ నసుగుతూ.

చూస్తే చూడనీ. అటు తిరిగీ ఇటు తిరిగీ ఆమె మనసు తెల్లదాని మీద పడింది. దాని సీటు మిగతావాటికన్నా కాస్త ఎత్తు, మెత్తగా హాయిగా ఉంది. ఇంటికొచ్చాక సంతోషం పట్టలేక వసారా చివర నిలబడి నవీన్‌బాబుకు ఫోన్ చేసింది.

"రేపు పొద్దున ఆ తెల్ల బండి ఇంటికి తీసుకురా నవీన్. ఒకసారి మా అత్తయ్యని ఎక్కించి చూడాలి."

మాట నోరు దాటాక గానీ అదేం మాటో ఆమెకు తెలియలేదు. ఫోన్ చెవి దగ్గర అలాగే ఉంది. పడక్కుర్చీలో గోంగూర వలుస్తున్న దుర్గాంబ చేతులు ఆగాయి.

"ప్రేరణార్థకానికి ఉదాహరణ బాగా చెప్పావు రాజ్యం" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. గోంగూర కట్ట పక్కన పెట్టి, కర్ర అందుకుని, గోడ వారగా లోపలికి వెళ్ళిపోయింది.

రాజ్యశ్రీకి తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది. ఇన్నాళ్ళూ మొగుణ్ణి కాపలా కాసింది, మరిది కిషోర్‌బాబును కాపలా కాసింది. తన నాలుకనొక్కదాన్నే వదిలేసింది. అంతకన్నా బాధ ఇంకోటుంది. ఆ మాట ఊరికే జారలేదు. అత్తయ్యకు ఏ సీటు బాగుంటుందో తనే కూర్చుని చూసింది, తనే నిర్ణయించింది, ఆవిడను ఒక్కమాట అడగలేదు. చంకల కింద చెయ్యి వెయ్యలేదు, అంతే తేడా.

బండి తేవద్దని నవీన్‌బాబుకు చెప్పేసి లోపలికి వెళ్ళింది. దుర్గాంబ మంచం మీద కూర్చుని ఉంది.

"తప్పయిపోయింది అత్తయ్యా."

"నీ తప్పేం లేదే. భాషే అంత" అంది దుర్గాంబ. "మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ మనిషి కర్త. తర్వాత కర్మ. వాక్యంలో ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చోవాలి."

రాజ్యశ్రీకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఇక నేను ఏ కారూ చూడనత్తయ్యా. మీరు చూసి ఏది బాగుందంటే అదే కొంటాం. చూడనంటే అసలు కారే వద్దు. నాకు బస్సు అలవాటే."

ఆ వారమంతా ఇంట్లో కారు మాట రాలేదు. ప్రసాద్ వీడియోలు కూడా దొంగచాటుగా చూసుకున్నాడు.

రెండో శనివారం బ్యాంకు సెలవు. ప్రసాద్ సరుకు కోసం బెజవాడ వెళ్ళాడు. రాజ్యశ్రీ కూరగాయలకని బజారుకు వెళ్ళి వంకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. నవీన్‌బాబు.

"మేడం, టీచర్ గారు మా షెడ్డులో ఉన్నారండి."

"ఏ టీచర్ గారు?"

"మీ అత్తగారండి. దుర్గాంబ టీచర్."

"ఎవరు తీసుకొచ్చారు?"

"ఎవరూ తీసుకురాలేదండి. ఆవిడే వచ్చారు, ఆటోలో. మీరు తొందరగా రండి మేడం. పదో తరగతిలో సంధులు రాక ఆవిడ దగ్గర బెంచీ ఎక్కినవాణ్ణి నేను."

రాజ్యశ్రీ వంకాయలు అక్కడే వదిలేసి పరుగెత్తింది. షెడ్డు బయట ఆటో ఆగి ఉంది. దాని యజమాని పుల్లయ్య సీట్లో వెనక్కి వాలి బీడీ కాలుస్తున్నాడు.

"ఎలా ఎక్కారు పుల్లయ్యా?"

"నేను చూళ్ళేదమ్మా. సాయం పట్టనా అనడిగితే నోర్మూసుకుని అటు తిరగమన్నారు. తిరిగా. చాలాసేపు తిరిగే ఉన్నా. తర్వాత పోనియ్ అన్నారు, పోనిచ్చా."

రాజ్యశ్రీ లోపలికి వెళ్ళబోయి షెడ్డు స్తంభం దగ్గరే ఆగిపోయింది. లోపల దుర్గాంబ గంజి పెట్టిన చీర కట్టుకుని, కొంగు బొడ్లో దోపి, తెల్ల కారు ముందు నిలబడి ఉంది. ఆ చీర పెళపెళలు విని ఎన్నాళ్ళయిందో.

దుర్గాంబకు తొందర లేదు. తలుపు పూర్తిగా తెరిపించింది. వెనక్కి తిరిగి, సీటు అంచు పిక్కలకు తగిలేదాకా జరిగింది. కర్ర ఒక చేత్తో, తలుపు చట్రం ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఒక కాలు లోపలికి, తర్వాత రెండో కాలు. లేచేటప్పుడే వచ్చింది చిక్కు. మెత్తటి సీటు ఆవిడను లోపలికి లాక్కుంది. రెండుసార్లు ఊగి, మూడోసారికి చెమటలు కక్కుతూ లేచింది. నవీన్‌బాబు చెయ్యి చాచబోతే, "చెయ్యి తియ్యి" అంది.

తెల్లదాన్ని ఏరికోరి మెచ్చుకున్న రాజ్యశ్రీ స్తంభం చాటున సిగ్గుతో ముడుచుకుపోయింది. తనకు హాయిగా అనిపించిన మెత్తదనమే అత్తయ్యకు ఊబి.

"ఇది సోఫారా, కారు కాదు. సినిమా చూడ్డానికి బాగుంటది" అని దుర్గాంబ ఎర్రదాని దగ్గరకు నడిచింది. దాని పైకప్పు ముందుకు వాలి ఉంటుంది. కూర్చోబోతే నుదురు టక్కున తగిలింది. నుదురు రుద్దుకుంటూ, "తల వంచి దండం పెడితే గానీ లోపలికి రానివ్వదా ఇది? ఎవరికో చూసుకో" అంది.

బూడిదది మిగిలింది. దాన్ని ఎవరూ అడగడం లేదని, చూపుకు ఆనదని, రెండు నెలలుగా అక్కడే పడుందని నవీన్‌బాబు నిజాయితీగా చెప్పేశాడు. ఆవిడ ముందు అబద్ధమాడే ధైర్యం అతనికి లేదు. దుర్గాంబ కూర్చుంది. సీటు గట్టిగా, బల్లలాగా ఉంది. పైకప్పు తలకు పైన ఎక్కడో ఉంది. తలుపు బాగా బార్లా తెరుచుకుంటుంది. కాళ్ళు కింద పెట్టి, కర్ర నేలకు ఆనించి, ఒక ఊపిరి తీసుకుని లేచింది. ఒక్కసారికే లేచింది.

రాజ్యశ్రీకి చప్పట్లు కొట్టాలనిపించింది. మంగళవాయిద్యాలు మోగించాలనిపించింది. మోకాళ్ళు నొప్పితో మండుతున్నాయని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. అయినా మనిషి ఎంత ఓపిగ్గా, ఎంత పద్ధతిగా పరీక్షిస్తోంది! కారు కొనడానికి వచ్చినవాళ్ళు ఇంజన్‌ను అడుగుతారు, రంగును అడుగుతారు. ఈవిడ తన ఒంటిని అడుగుతోంది, అది చెప్పిన జవాబును బతిమాలకుండా ఒప్పుకుంటోంది.

"స్తంభం చాటున నక్కింది చాల్లే, ఇలా రా" అంది దుర్గాంబ తల తిప్పకుండానే.

రాజ్యశ్రీ వెళ్ళి నిలబడింది.

"ఇది బాగుంది కదా అత్తయ్యా? తీసేసుకుందామా?"

"అప్పుడేనా? ఇక్కడ నీడపట్టున లేచా, బానే ఉంది. కాసేపు కూర్చుంటే మోకాళ్ళు బిగుసుకుంటాయి. అప్పుడు లేస్తేనే లెక్క. బండి తియ్యరా నవీన్, టెస్ట్ డ్రైవ్‌కెళ్దాం."

"తప్పకుండా అండి. అలా అంబారుపేట దాకా వెళ్ళి పది నిమిషాల్లో..."

"టెస్ట్ అంటే పరీక్షే కదరా? పది నిమిషాల పరీక్ష నేనెప్పుడైనా పెట్టానా? జగ్గయ్యపేట పోదాం. ముక్త్యాల రోడ్డు."

ఎక్కడికో రాజ్యశ్రీకి అర్థమయింది. సౌభాగ్యమ్మ ఇల్లు. ఏమీ అనకుండా, అంటే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని, వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది. కారు కొందామనుకున్నప్పుడే డ్రైవింగ్ నేర్చుకుని పెట్టుకుంది. దుర్గాంబ పక్క సీట్లో కూర్చుంది. నవీన్‌బాబు వెనక సీట్లో, వెనక బెంచీ పిల్లాడిలాగే ఒదిగి కూర్చున్నాడు. డబ్బులు తీసుకుని వెళ్ళిపోమంటే పుల్లయ్య ఒక్క దండం పెట్టి వెళ్ళాడు.

బండి హైవే ఎక్కింది. దుర్గాంబ కిటికీలోంచి పత్తి చేలు, మిరప చేలు చూస్తూ కూర్చుంది. ఏడాదిగా చూడని దారి. నవాబుపేట దాటాక ఒక ఫ్లెక్సీ కనపడింది.

"‘శుభకాంక్షలు’ అని రాశాడు వెధవ. దీర్ఘం ఏమైందిరా?"

"నేను రాయలేదండి టీచర్" అన్నాడు నవీన్‌బాబు వెనక నుంచి.

అక్కణ్ణుంచి చిల్లకల్లు టోల్‌గేటు దాకా ఒక్క బోర్డును కూడా వదల్లేదు. హోటల్‌వాడి ఒత్తులు, పురుగుమందుల కంపెనీవాడి సున్నాలు, అన్నీ దిద్దింది. టోల్‌గేటు దగ్గర ఆవిడ గొంతుకు పక్క లైనులో స్కూటర్‌వాడు ఉలిక్కిపడి చూశాడు. రాజ్యశ్రీ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా నవ్వుకుంది. ఆ గొంతు మళ్ళీ విన్నందుకు బండి ధర ఎంతయినా పరవాలేదనిపించింది.

జగ్గయ్యపేటలో ముక్త్యాల రోడ్డు ఇరుకు. సిమెంటు ఫ్యాక్టరీ లారీలు ఆ ఇరుకులోంచే పోవాలి. సౌభాగ్యమ్మ ఇంటి గేటు రోడ్డును ఆనుకునే ఉంది. రాజ్యశ్రీ గేటు ముందు, వీలైనంత ఎడమకు తీసి ఆపింది. అయినా వెనక వస్తున్న లారీకి దారి చాలలేదు. అది ఆగింది. దాని వెనక ఇంకోటి ఆగింది.

దుర్గాంబ తలుపు తీసింది. కాళ్ళు రెండూ కిందికి దించుకుంది. కర్ర ఆనించి, ఊపిరి తీసుకుని, లేవబోయింది. మోకాళ్ళు లేవనివ్వలేదు. మళ్ళీ సీట్లో పడింది.

వెనక హారన్ మోగింది.

రెండోసారి లేవబోయింది. సగం లేచి మళ్ళీ కూలబడింది. ముక్కు మీద చెమట. రాజ్యశ్రీ చెయ్యి దానంతటదే ఆవిడ వీపు వైపు వెళ్ళింది. చంక కింద చిన్న ఊతం చాలు, ఎవరూ చూడరు. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుంది. ఆమె జన్మలో అంత కష్టమైన పని చేసి ఉండదు. నవీన్‌బాబు వెనక తలుపు తియ్యబోతే, "కూర్చో" అంది, కసిరినట్టు.

ఇప్పుడు హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఆ గోలకు ఇంట్లోంచి సౌభాగ్యమ్మ బయటికొచ్చింది. కారులోంచి సగం బయటికి ఉన్న మనిషి ఎవరో గుర్తుపట్టి, గేటు దగ్గరే రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని ఆగిపోయింది.

"ఏందమ్మా ఇది? ముసలామెని జల్ది దించుండ్రి! రోడ్డంతా జామ్ అయితున్నది" అని లారీ డ్రైవర్ తల బయటికి పెట్టి అరిచాడు.

రాజ్యశ్రీ కారు దిగింది. లారీ ముందుకు నడిచి వెళ్ళి నిలబడింది. బ్యాంకులో గొంతెత్తి ఎరగని మనిషి రోడ్డు మధ్యలో గొంతెత్తింది.

"ఎవరూ దించడం లేదండి. మా అత్తయ్య దిగుతున్నారు. ఆగండి!"

చెయ్యి అడ్డంగా చాచి అక్కడే నిలబడింది. ఆ గొంతులో ఏం వినపడిందో గానీ డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీశాడు. వెనక లారీ కూడా ఊరుకుంది. రోడ్డంతా ఇంజన్ల గురగుర తప్ప ఇంకో చప్పుడు లేదు. రాజ్యశ్రీకి వెనక్కి తిరిగి కారు వైపు చూసే ధైర్యం చాలలేదు. పక్కగా సౌభాగ్యమ్మ మొహం ఒక్కటే కనపడుతోంది. ఆ మొహాన్నే చూస్తూ నిలబడింది.

సౌభాగ్యమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు బిగుసుకున్నాయి. తనే లేస్తున్నట్టు ఆవిడ భుజాలు పైకి లేచాయి, మళ్ళీ కిందికి జారాయి. ఇంకోసారి లేచాయి. ఈసారి అలాగే ఉండిపోయాయి. మెల్లమెల్లగా కళ్ళు పెద్దవయ్యాయి, నోటి మీద చేతులు పక్కకు జారిపోయాయి, కళ్ళనిండా నీళ్ళతో ఆవిడ నవ్వింది.

అప్పుడు తిరిగింది రాజ్యశ్రీ. దుర్గాంబ కారు పక్కన నిలబడి ఉంది. ఒక చెయ్యి కర్ర మీద, ఇంకో చెయ్యి చీర కుచ్చెళ్ళు సర్దుతూ. కాళ్ళు వణుకుతున్నాయి. నిలబడే ఉంది.

"నవీన్, ఈ బండి ఇంకెవరికీ చూపించకు" అంది. తర్వాత లారీ డ్రైవర్ వైపు, క్లాసు అయిపోయాక పిల్లల్ని పంపినట్టు, చెయ్యి ఊపింది. "ఇక పో నాయనా."

నవీన్‌బాబు బండిని ముందుకు తీసి దారిచ్చాడు. లారీ కదిలింది. దుమ్ము లేచింది. సౌభాగ్యమ్మ ఇంకా గేటు గొళ్ళెం పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"చూస్తూ నిలబడతావేంటే సౌభాగ్యం, గేటు తియ్యి" అంది దుర్గాంబ, అవతలి వీధికి వినపడేలా. "నేను వచ్చా."